అంచులు చెక్కిన చేతి కార్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మా ఇంటి ముందుగదిలో శనివారాలు కార్డులు చేయడం నేర్పుతుంటాను. వచ్చేవాళ్లలో సగం మంది కాలేజీ పిల్లలు. మిగతావాళ్లు నాలాగే వంట అయ్యాక చేతులు ఊరుకోనివాళ్లు. ప్రతి బ్యాచ్‌లోనూ దాదాపు అవే ప్రశ్నలు వస్తాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. నాకు ఎక్కడెక్కడ చేయి కాలిందో అక్కడ జవాబు పొడుగైంది.

డై కట్ అంటే ఏమిటి? జిగ్‌జాగ్ కత్తెరతో కోసినదానికీ దీనికీ తేడా ఏంటి?

గరిజెల అంచును పళ్లచక్రంతో కోస్తాం కదా, జిగ్‌జాగ్ కత్తెర పని అలాంటిదే. చేయి ఎటు పోతే కోత అటు పోతుంది. డై అంటే కావలసిన ఆకారంలో తయారైన ఉక్కు అచ్చు. ఒకవైపు పదును ఉంటుంది. కాగితం మీద పెట్టి గట్టిగా ఒత్తితే ఆకారం మొత్తం ఒకేసారి తెగుతుంది. వంద కోసినా వందా ఒకేలా ఉంటాయి.

మన దగ్గర ఈ మాట ఎక్కువగా వినపడేది ప్రింటింగ్ ప్రెస్‌లలో. అక్కడి డై బరువైన వస్తువు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చెక్కలో గీత వెంట గాడి కోసి, ఉక్కు పట్టీని ఆ వంపులకు తగ్గట్టు వంచి అందులో దిగగొడతారు. కోసే పట్టీ ఎత్తు 23.8 మిల్లీమీటర్లు. మడత గీత వేసే పట్టీ దానికంటే కాస్త పొట్టిగా, పైన గుండ్రంగా ఉంటుంది. దాంతో ఒకే దెబ్బకు అంచు తెగుతుంది, మడత గీతా పడుతుంది. మా మేనమామ వరంగల్‌లో ప్రెస్ నడిపిన రోజుల్లో, వేసవి సెలవులొస్తే పంచింగ్ (డైతో కోత) అయిన పెండ్లి పత్రికల చుట్టూ తుక్కు ఊడదీయడం నా పని. వేళ్లు గీరుకుపోయేవి. ఇప్పుడు ఇంట్లో వాడుతున్నవి అరచేతిలో పట్టే పలచటి రేకు డైలు, కానీ పని చేసే పద్ధతి అదే.

మొదట ఏమేం కొనాలి?

నా దగ్గరికి వచ్చేలోపే కొందరు పది డైలు ఆర్డర్ పెట్టేసి ఉంటారు. దయచేసి అలా చేయకండి. ఒకే ఒక్క అంచు డై, అదీ సాదాసీదా అర్ధచంద్రాల వరుసో రేకుల వరుసో కొనండి. ఆరు నెలలు దాంతోనే చేయండి. ఈ పేజీలో నేను చెప్పే వాటిలో చాలావరకు ఆ ఒక్క డైతోనే అవుతాయి.

దాంతోపాటు చేత్తో తిప్పే మిషన్ కావాలి. చెరుకు రసం బండిలో రెండు రోలర్ల మధ్య గడ నలిగి బయటికి వస్తుంది చూడండి, ఇదీ అంతే. సిజిక్స్ కంపెనీ బిగ్ షాట్ తరహా మిషన్లలో ప్లేటు వెడల్పు సుమారు 6 అంగుళాలు, అంటే 15 సెంటీమీటర్లు. మూడంగుళాల బుజ్జి మిషన్లు ముద్దుగా ఉంటాయి కానీ కార్డు అంచుకు చాలవు. పువ్వులు, ఆకులు కోసుకోవడం వరకే.

మిగతావి ఇంట్లోనే దొరుకుతాయి: స్టీలు స్కేలు, పేపర్ కటర్, రీఫిల్ అయిపోయిన బాల్ పెన్ను, ఒక దబ్బనం, పాత టూత్ బ్రష్, ఫెవికాల్.

మిషన్ కొనే పరిస్థితి లేదు అక్కా, అసలు మొదలుపెట్టొచ్చా?

బ్రహ్మాండంగా మొదలుపెట్టొచ్చు. వినాయక చవితి పందిట్లో కట్టే రంగు కాగితాల తోరణాలు ఎవరు కోశారు? కాగితాన్ని మడత మీద మడత పెట్టి, ఒక చివర కత్తెరతో అర్ధచంద్రం కోసి విప్పితే వరుసంతా వచ్చేస్తుంది. కార్డుకీ అదే పద్ధతి. కాకపోతే 120 జీఎస్ఎం (కాగితం బరువు చెప్పే అంకె, కింద వివరించాను) లోపు కాగితం కావాలి, నాలుగు మడతలకు మించకూడదు. మించితే లోపలి మడతలు జారి, ఒక చంద్రుడు పెద్దగా, ఒకడు చిన్నగా వస్తాడు. ఇలా కోసిన పలచటి పట్టీని మందపాటి కార్డు అంచుకు కిందినుంచి అంటించండి. రేకులు మాత్రమే బయటికి కనిపిస్తాయి.

స్టేషనరీ షాపుల్లో దొరికే బార్డర్ పంచ్ కూడా మంచిదే. కాగితం దూర్చి నొక్కాలి, జరపాలి, మళ్లీ నొక్కాలి. మందం కాగితానికి మొరాయిస్తుంది. మొద్దుబారితే అల్యూమినియం ఫాయిల్‌ను నాలుగైదు మడతలు పెట్టి పదిసార్లు పంచ్ చేయండి, కొంత తేరుకుంటుంది.

మిషన్‌లో ఏది కింద, ఏది పైన పెట్టాలి? ప్రతిసారీ తికమకే.

అడుగున దిమ్మ. దాని మీద ఒక పారదర్శక ప్లేటు. ప్లేటు మీద డై, పదును పైకి. డై మీద కాగితం, కార్డుకు ముందు కనబడాల్సిన వైపు కిందికి. ఆ పైన రెండో ప్లేటు. పదును ఎటుందో తెలియకపోతే వేలితో మెల్లగా తడిమి చూడండి. నున్నగా తగిలేది వీపు, గీరుకున్నట్టు తగిలేది పదును. తిరగేసి పెడితే కాగితం తెగదు, అచ్చు మాత్రం పడుతుంది. మొదటి రోజు అందరూ చేసే తప్పే అది.

ఇప్పుడు పిడి తిప్పండి. టక్, టక్ మని ప్లేటు విరిగినట్టు చప్పుడొస్తుంది. కొత్తవాళ్లు ఉలిక్కిపడి చేయి తీసేస్తారు. ఏమీ కాలేదు, రోలర్ల కింద ప్లేటు సర్దుకుంటోంది. అవతలికి వచ్చాక పై ప్లేటు ఎత్తితే కాగితం మీద డై ఆకారం సన్నటి గీతలా కనబడుతుంది. వెంటనే పీకకండి. ఒక మూల పైకెత్తి, వెలుతురుకు పట్టి చూడండి. గీత పొడవునా వెలుతురు దారంలా కనిపిస్తే తెగినట్టు. మధ్యలో ఎక్కడైనా వెలుతురు ఆగిందంటే అక్కడ ఇంకా పట్టుకుని ఉంది. దాన్ని కదిలించకుండా అలాగే ఇంకోసారి తిప్పాలి. కదిలించి మళ్లీ పెడితే రెండో గీత పక్కన పడుతుంది, ఇక ఆ కాగితం చీటీలు రాసుకోవడానికే.

పిడి మరీ బిగుసుకుపోతే బలం చూపించొద్దు. మందం ఎక్కువైందని అర్థం. ఒక పొర తీసేయండి. పొడుగాటి అంచు డైని రోలర్‌కు సమాంతరంగా పెట్టినా బిగుస్తుంది, ఎందుకంటే పదునంతా ఒకేసారి రోలర్ కిందికి వస్తుంది. కాస్త ఏటవాలుగా పెట్టండి. చేతికి తేడా వెంటనే తెలుస్తుంది.

ఒకచోట తెగుతుంది, ఒకచోట తెగదు. డై చెడిపోయిందా?

చాలాసార్లు తప్పు ప్లేటుది. ఒకేవైపు వాడితే అది అప్పడంలా వంగిపోతుంది. ప్రతిసారీ తిరగేస్తూ, ముందు వెనకలు మారుస్తూ వాడండి. అయినా తెగకపోతే, తెగని చోటుకు ఎదురుగా పై ప్లేటు మీద మామూలు జిరాక్స్ కాగితం ఒక ముక్క పెట్టండి. ఆ కాగితమంత మందం చాలు, ఒత్తిడి అక్కడికి అందుతుంది. చాలకపోతే రెండు ముక్కలు.

డై నిజంగానే వంగి వచ్చిన సందర్భం నాకొకటుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని కొన్నాను. కవరు విప్పితే మధ్యలో ఎత్తుగా, పడవలా ఉంది. కవరు చించారు కాబట్టి వాపసు లేదన్నారు. రెండు ప్లేట్ల మధ్య పెట్టి, కాగితం లేకుండా నాలుగుసార్లు తిప్పితే కొంత సాపైంది. ఇప్పటికీ దాని ఎడమ చివర ఎప్పుడూ రెండో విడత అడుగుతుంది.

తెగిన కాగితం డైలో ఇరుక్కుపోతోంది. పీకితే చిరుగుతోంది.

డైకి, కాగితానికి మధ్య మైనపు కాగితం ముక్క పెట్టి కోయండి. జారుగా ఊడి వస్తుంది. డై వెనకాల చిన్న చిన్న రంధ్రాలుంటాయి. దబ్బనం మొనతో వాటిలోంచి పొడుస్తూ రావాలి. లేసులాంటి డై అయితే ఒక చివరనుంచి మొదలుపెట్టి వరుసగా రండి. తుక్కును టూత్ బ్రష్‌తో దులపండి. నువ్వుల్లాంటి ఆ తుక్కు ఇల్లంతా చేరుతుంది. ఒకసారి మా ఆయన పులిహోరలో గులాబీ రంగు చుక్క దొరికింది. అప్పటినుంచి వంటింటి బల్ల మీద మిషన్ పెట్టడం మానేశాను.

రేకుల వరుస ఒక చివర పూర్తిగా, ఇంకో చివర సగానికి తెగి వస్తోంది. ఎలా సరిచేయాలి?

చేతి కార్డులో కంటికి మొదట తగిలే తప్పు ఇదే. రంగులు కుదరకపోయినా సర్దుకోవచ్చు కానీ ఒక మూల నిండు రేకు, ఇంకో మూల ముక్క రేకు ఉంటే కార్డు ఒంటికన్నులా కనిపిస్తుంది.

ముందు డైలో ఒక రేకు వెడల్పు కొలవండి. ఒకటి కొలిస్తే తప్పు వస్తుంది. పది రేకులు కొలిచి పదితో భాగించండి. నా డైలో అది 12 మిల్లీమీటర్లు. ఏ6 కార్డు (ఏ4 షీటులో నాలుగో వంతు సైజు) పొడుగు అంచు 148 మిల్లీమీటర్లు. పన్నెండు పన్నెండ్లు 144. నాలుగు మిగిలాయి. ఈ నాలుగు మిల్లీమీటర్లను ఏం చేయాలన్నది కత్తెర పట్టకముందే తేల్చుకోవాలి.

నాకు ఇష్టమైన దారి కార్డునే 144కు తగ్గించడం. కవర్లో నాలుగు మిల్లీమీటర్లు ఎవరికీ తెలియవు, అంచు మాత్రం నేతలో నేసినట్టు కూర్చుంటుంది. గద్వాల చీర చూడండి, కోటకొమ్మ అంచులో కొమ్మ సగంలో తెగితే ఎవరైనా కొంటారా?

తగ్గించడం ఇష్టం లేకపోతే మధ్యనుంచి లెక్కపెట్టండి. కాగితం వెనక 74 దగ్గర పెన్సిల్‌తో చుక్క. డైలో రెండు రేకులు కలిసే సందు ఆ చుక్క మీద కూర్చోవాలి. అప్పుడు ఇటు ఆరు, అటు ఆరు రేకులు వచ్చి, రెండు చివర్లా రెండేసి మిల్లీమీటర్ల చదును మిగులుతుంది. సమానంగా మిగిలింది కాబట్టి కావాలనే వదిలినట్టు ఉంటుంది. రేకుల సంఖ్య బేసి అయితే చుక్క మీద సందు బదులు రేకు మధ్యభాగం రావాలి.

డై పొడవు కార్డు కంటే తక్కువైతే రెండు విడతల్లో కోయాలి. మొదటి విడతలో డై చివరి రెండు రేకులను ప్లేటు బయటికి వదిలేయండి. ప్లేటు నొక్కనిచోట కోత పడదు. రెండో విడతలో డైని జరిపి, దాని మొదటి రెండు రేకులను ఇంతకుముందు తెగిన రేకుల్లోనే కూర్చోబెట్టండి. సరిగ్గా కూర్చుంటే వేలికి చిన్న పట్టు తెలుస్తుంది. అప్పుడు టేపు వేసి తిప్పండి. టేపును వేసేముందు ఒకసారి చీర కొంగుకో చున్నీకో అంటించి తీస్తే జిగురు తగ్గి కాగితం పొర లేవదు.

నాలుగు వైపులా అంచు చెక్కాలంటే?

మొదట ఒక్క వైపు చేయండి. నిజం చెప్పాలంటే నాలుగు వైపులా చెక్కిన కార్డు నాకు అప్పడాల కవరులా అనిపిస్తుంది.

ఒక్క వైపుతో ఎంత అందం వస్తుందో చూడండి. కార్డు పై రెక్కను కింది రెక్క కంటే ఒక సెంటీమీటరు తక్కువగా కోసి, ఆ తెరుచుకునే అంచుకు డై వేయండి. లోపలి రెక్క అంచున ముదురు రంగు పట్టీ అంటించండి. కార్డు మూసినప్పుడు తెల్ల రేకుల కింద మెరూన్ పట్టీ తొంగిచూస్తుంది. లంగా అంచు కింద లోపలి పరికిణీ కనిపించినట్టు. ఈ ఒక్క మోడల్‌నే రంగులు మార్చి నేను ఏడాది పొడవునా చేస్తాను.

నాలుగు వైపులా కావాలనే పట్టుదల ఉంటే అంచు డై వద్దు, చట్రంలా ఉండే పూర్తి డై కొనండి. మూలల లెక్క తయారీలోనే కుదిరి వస్తుంది.

మడత ఉన్న కార్డునే ఆకారంగా కోయొచ్చా?

కోయొచ్చు. కార్డును మడిచి, మడత డై పదును కంటే కాస్త లోపలికి ఉండేలా పెట్టండి, అంటే పదును ఆ వైపు కాగితాన్ని తాకకూడదు. మిగతా మూడు వైపులా రెండు రెక్కలూ కలిసి తెగుతాయి, మడత అలాగే నిలుస్తుంది. రెండు పొరలు కాబట్టి 220 జీఎస్ఎం దాటితే మిషన్ మూలుగుతుంది.

ఏ కాగితం వాడాలి? జీఎస్ఎం అంటే అర్థం కాదు.

చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. జిరాక్స్ కాగితం 70 నుంచి 80. పెండ్లి పత్రిక అట్ట 250 నుంచి 300. కార్డు ఒళ్లు నిలబడాలంటే 250, పైన అంటించే చెక్కుడు పొరలకు 160 నుంచి 220, లోపల రాసుకునే కాగితానికి 100 నుంచి 120 బాగుంటాయి.

పిల్లలు ప్రాజెక్టులకు కొనే చార్టు షీటు చవకే కానీ కోతకు అంచు నూగులా లేస్తుంది. చేతి తయారీ కాగితం చూడ్డానికి బాగుంటుంది, పెద్ద పెద్ద రేకుల డైకి పనికొస్తుంది, లేసు డైకి పనికిరాదు, పీచు తెగదు. లామినేషన్ చేసిన అట్ట జోలికి పోవద్దు. పైన ప్లాస్టిక్ పొర తెగక దారాలు వేలాడతాయి. గ్లిట్టర్ షీటును వెనకనుంచి కోయండి, మెరుపు రాలదు.

ప్రెస్‌లో పెద్ద షీట్లు కోశాక మిగిలే పక్క ముక్కలు అడిగి చూడండి. పెండ్లిళ్ల సీజన్లో మంచి అట్ట ముక్కలు బస్తాల్లో పోతుంటాయి.

మడత పెడితే రంగు పగిలి తెల్లగా కనిపిస్తోంది.

కాగితంలో పీచు ఒక దిక్కుకు పరుచుకుని ఉంటుంది. ఆ దిక్కున మడిస్తే మెత్తగా లొంగుతుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. షీటును అటూ ఇటూ మెల్లగా వంచి చూడండి, ఏ వైపు సులువుగా వంగుతుందో మడత గీత ఆ వైపు రావాలి. స్కేలు పెట్టి ఖాళీ పెన్నుతో గాడి గీయండి. గాడి వెనక ఉబ్బెత్తుగా లేస్తుంది కదా, ఆ ఉబ్బు మడత లోపలికి రావాలి. చాలామంది తిరగేసి మడుస్తారు. ప్రెస్‌లో క్రీజింగ్ కూడా ఇదే లెక్కన వేస్తారు.

పెండ్లి పత్రికలకు పసుపు పెడతాం కదా, చెక్కిన అంచులు పాడవవా?

పాడవుతాయి. ఈ ప్రశ్న అడిగినవాళ్లకు ముందుగా దండం, ఎందుకంటే అప్పట్లో నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. చుట్టాలమ్మాయి పెండ్లికి అరవై పత్రికలు నాలుగు మూలలా లేసు అంచుతో చేసి ఇచ్చాను. వాళ్లింట్లో పెద్దమ్మ పళ్లెంలో పసుపు జారుగా కలిపి, వేలు ముంచి, మూల మూలకు రాస్తూ పోయింది. తడి తగిలిన రేకులు ఒక్కొక్కటిగా ముడుచుకున్నాయి. ఆరాక గట్టిపడి, కవర్లో పెడుతుంటే విరిగాయి. పసుపు లేకుండా పంచరు, పంచకూడదు కూడా. తప్పు నాదే.

అప్పటినుంచి శుభలేఖలకు మూలలు చెక్కను. రెండు చివర్లా ఒక అంగుళం చదునుగా వదిలి, మధ్యభాగంలోనే అంచు వేస్తాను. ప్లేటును డై మధ్యభాగానికే పరిమితం చేస్తే సరిపోతుంది. ఇంకో పద్ధతి, పై రెక్క మూలను అర్ధచంద్రంగా కోసి, లోపలి గట్టి అట్ట మూల బయటికి కనిపించేలా చేయడం. పసుపు ఆ అట్టకు పడుతుంది. దాంతోపాటు పత్రికలు ఇచ్చేటప్పుడే ఒక మాట చెప్తాను: “పసుపు చిక్కగా కలుపుకో పెద్దమ్మా, బొట్టు పెట్టినట్టు అద్దు, రాయకు.”

రెండు వందల పత్రికలు చేతి మిషన్‌తో చేయొచ్చా?

చేయొచ్చు, తర్వాత భుజం ఆయుర్వేదం నూనె అడుగుతుంది. వంద దాటితే ప్రెస్ వాళ్లతో డై కొట్టించి పంచింగ్ చేయించడమే మేలు. మీరు గీసిన అంచును అసలు సైజులో ప్రింటు తీసి ఇవ్వండి. సన్నటి మొనలు వద్దు, ఉక్కు పట్టీ అంత చిన్న వంపు తిరగదు. డై కొట్టించాక మొదటి ఐదు ముక్కలు కోయించి, మడిచి, కవర్లో పెట్టి చూశాకే మిగతావాటికి సరేననండి. హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్తా బజార్ పెండ్లి పత్రికలకు పేరున్న చోటు. అక్కడికి పోతే అట్టల రకాలు చూసి రావడానికే ఒక రోజు పడుతుంది. కానీ మార్పులు చేర్పులకు మళ్లీ మళ్లీ పోవాలంటే మన ఊరి ప్రెస్సే నయం.

తెలుగు అక్షరాలు డైతో కోయలేమా?

ఇంగ్లిష్ అక్షరాల డైలు దొరికినంత సులువుగా తెలుగువి దొరకవు. కంప్యూటర్‌కు తగిలించే క్రికట్, సిల్హౌట్ లాంటి ఎలక్ట్రిక్ కటర్ ఉన్నవాళ్లు సొంతంగా కోసుకోవచ్చు. అయితే మన లిపితో ఒక చిక్కుంది. “పండుగ” అని కోయండి. “ప” మీది తలకట్టు అక్షరాన్ని తాకదు కాబట్టి విడిగా ఊడి పడుతుంది. సున్నా ఎటూ అంటుకోకుండా విడిగా వస్తుంది, దాని కడుపులో బిళ్ల ఇంకో ముక్క. వత్తులూ చాలావరకు అంతే. “శుభాకాంక్షలు” అయ్యేసరికి అరచేతిలో చిల్లర పోగవుతుంది.

కోసేముందే తలకట్టును కిందికి జరిపి అక్షరానికి తగిలించండి, సున్నాను పక్క అక్షరానికి ఆనించండి. లేదా అక్షరాల చుట్టూ మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా ఒక నీడ పొర కోసి, దాని మీద ముక్కలు అంటించండి. నేను మాత్రం అంచు డైతో కోసి, మాటలు చేత్తో రాస్తాను. మా అమ్మ చేతిరాతకు సాటి వచ్చే డై ఇంకా ఎవరూ చేయలేదు.

మన ప్రాంతం గుర్తుకొచ్చే డిజైన్లు ఏమైనా చెప్పండి.

బతుకమ్మ కార్డు ఒక్క అంచు డైతోనే అవుతుంది. రేకుల పట్టీలు ఏడు కోయండి. అన్నిటికంటే కిందిది 90 మిల్లీమీటర్లు, ఆ పైది 80, అలా పది పది తగ్గిస్తూ పైది 30. అంటించడం పైనుంచి మొదలుపెట్టి కిందికి వస్తే కింది పట్టీ రేకులు పై పట్టీ అడుగును కప్పుతాయి. పూలు పేర్చినట్టు మెట్లు మెట్లుగా వస్తుంది. తంగేడుకు పసుపు, బంతికి నారింజ, గునుగుకు తెలుపు, మధ్యలో ఒక వరుస గులాబీ, ఇంకొకటి నీలం. గునుగును రంగుల్లో ముంచుతాం కాబట్టి ఏ రంగైనా చెల్లుతుంది. పట్టీలన్నీ ఒకే రకం రేకులు కావడం ఇక్కడ లోపం కాదు. పైన గౌరమ్మ కోసం చిన్న పసుపు ముద్ద ఆకారం, ఒక ఫోమ్ టేపు ముక్క మీద ఎత్తుగా.

దసరాకు జమ్మి ఆకు కార్డు అడుగుతారు. బంగారు రంగు షీటులో చిన్న ఆకులు కోసి, కార్డు లోపల చిన్న జేబులాంటిది అంటించి అందులో వేయండి. తీసుకున్నవాళ్లు ఆకు తీసి చేతిలో పెట్టించుకుంటారు.

ఖిలా వరంగల్ తోరణం ఆకారంలో కార్డు కోయాలని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ప్రయత్నిస్తారు. స్తంభాలు నాలుగు మిల్లీమీటర్ల కంటే సన్నగా పోతే కవర్లోంచి తీసేటప్పుడే చిరుగుతాయి. రామప్ప 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కాక దాని నాగినుల మీద మోజు పెరిగింది కానీ ఆ వంపులు డైకి లొంగవు, గీసుకోవాల్సిందే. కరీంనగర్ వెండి తీగపని చూసినవాళ్లు మాత్రం లేసు డైని వెండి రంగు మెటాలిక్ షీటులో కోసి, నల్ల అట్ట మీద పెట్టి చూడండి.

బట్ట కూడా కోయొచ్చా? పాత చీర ముక్కలున్నాయి.

పలచటి నూలు బట్ట అయితే వెనక టైలర్లు కాలర్లకు వాడే ఫ్యూజింగ్‌ను ఇస్త్రీతో అంటించండి. గట్టిపడ్డాక రేకు డైకి తెగుతుంది. పట్టు బట్ట అయితే జారిపోతుంది. జరీ అంచు అసలు పెట్టొద్దు, లోహపు పోగు డై పదునును పాడుచేస్తుంది.

సన్నటి అంచుకు జిగురు ఎలా పూయాలి? బయటికి కారి మరక పడుతోంది.

ఫెవికాల్‌ను మూతలో చుక్కంత తీసుకుని, స్పాంజి ముక్కతో అద్దండి. గీతలా పిండితే కారుతుంది, కాగితం తడికి అలలు తేలుతుంది. అంటించాక బరువైన పుస్తకం కింద పావుగంట ఉంచండి. డబుల్ సైడ్ టేపు శుభ్రంగా ఉంటుంది కానీ మన మే నెల ఎండకు చవక రకం టేపు జిగురు అంచుల్లోంచి ఊరి, దుమ్ము పట్టి నల్లబడుతుంది.

వానాకాలంలో కార్డులు వంకర పోతున్నాయి.

కాగితం తేమ పీలుస్తుంది. కోసినవాటిని జిప్ కవర్లో, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లంతో పాటు పెట్టండి. ముసురు పట్టిన రోజు లేసు డైలు వాడకండి, మెత్తబడ్డ కాగితం తెగకుండా నలుగుతుంది. ఆ రోజు మడతలు పెట్టుకోండి, పగలవు.

ఒక కార్డుకు ఎంత అడగాలి?

మొదటి పది కార్డులకు గడియారం పెట్టుకుని చేయండి. నాకు ఒక్క అంచు కార్డుకు ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది, బతుకమ్మ కార్డుకు గంట. కాగితం ఖర్చు మాత్రమే లెక్కేసి ధర చెప్పేవాళ్లు రెండో నెలలో మానేస్తారు. తెలిసినవాళ్లే కదా అని ఊరికే ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇవ్వండి, సగం ధర మాత్రం చెప్పకండి. తర్వాత అందరికీ అదే ధర అవుతుంది.

పోస్టులో పంపితే అంచులు నలగవా? కవరు ఏ సైజు?

ముందు కవరు, తర్వాత కార్డు. నేను తిరగేసి నేర్చుకున్నాను. ఒక పురుడు ఫంక్షన్‌కు 15 సెంటీమీటర్ల చతురస్రం కార్డులు నలభై చేసి, కవర్ల కోసం చౌరస్తా అంతా తిరిగాను. చతురస్రం కవర్లు ఎక్కడా లేవు. రాత్రంతా కూర్చుని నలభై కవర్లు మడిచాను.

ఏ4 షీటును సగానికి కోసి మడిస్తే ఏ6 కార్డు, 105 బై 148 మిల్లీమీటర్లు. దానికి సీ6 కవరు, 114 బై 162. చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది. బయటికి పొడుచుకొచ్చే రేకులు ఆ ఖాళీలోనే ఇమడాలి.

బరువూ చూసుకోండి. ఏ4 షీటు చదరపు మీటరులో పదహారో వంతు. అంటే 300 జీఎస్ఎం ఏ4 షీటు దాదాపు 19 గ్రాములు. దాన్ని కోయకుండా మడిచి ఏ5 కార్డు చేస్తే, కవరు కలిపేసరికి 20 గ్రాముల ఉత్తరం హద్దు దాటుతుంది. ఏ6 కార్డు తొమ్మిదిన్నర గ్రాములే, పొరలు అంటించినా చోటు మిగులుతుంది. చెక్కిన అంచుకు ఆనేలా వెనక ఒక సాదా అట్ట ముక్క పెట్టి, రెండింటినీ కలిపి ట్రేసింగ్ పేపర్‌లో చుట్టి కవర్లో దూర్చండి. తెరిచే అంచు కవరు అడుగువైపు ఉండాలి. పైన ఉంటే కవరు చించేటప్పుడు అవతలివాళ్ల వేలు మొదట రేకులకే తగులుతుంది.